పెట్టకి గుడ్డు అడ్డం పడితే ఇంటి దగ్గర ఏం చెయ్యాలి

పొద్దున్నే తట్టలోకెక్కిన పెట్ట మధ్యాహ్నం దాటినా గుడ్డు పెట్టదు. దిగుతుంది, రెండడుగులు వేస్తుంది, మళ్లీ ఎక్కుతుంది. తోక కిందికీ పైకీ ఆడిస్తూ ముక్కుతుంది. సాయంత్రానికి దొడ్లో ఓ మూల రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని నిలబడిపోతుంది. కొబ్బరితోటలో తిరిగే నాటు పెట్టైనా, పందెం జాతి పెట్టైనా, ఫారం నుంచి తెచ్చుకున్న తెల్ల లేయరు (గుడ్ల కోసమే పెంచే కోడి) అయినా ఈ వాలకం కనబడితే గుడ్డు అడ్డం పడిందేమో చూడాలి. చూడ్డానికి ఎక్కువ వ్యవధి ఉండదు. లోపల గుడ్డు ఇరుక్కుంటే రెట్ట దారి కూడా మూసుకుపోతుంది. కాళ్లకి వెళ్లే నరాల మీద ఒత్తిడి పడి నడవలేకపోతుంది. అలా వదిలేస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

కంగారులో చాలామంది ముందు చేసే పని వేలు పెట్టి లాగడం. అది ఆఖరున చెయ్యాల్సిన పని. ముందు వేడి, వెంటనే కాల్షియం, ఆ తర్వాత చీకట్లో ఒంటరిగా కాసేపు వదిలెయ్యడం. ఈ మూడింటితోనే చాలా పెట్టలు గుడ్డు పెట్టేస్తాయి. ఎందుకంటే గుడ్డుని తోసేది కండరం. ఆ కండరం బిగుసుకుని సడలడానికి కాల్షియం కావాలి. నూకలూ తవుడూ మాత్రమే తినే పెట్టకి ఒంట్లో ఉన్న కాల్షియమంతా పెంకుకే పోయి, తోసే సమయానికి కండరానికి మిగలదు. బయట్నుంచి మనం ఎంత లాగినా ఆ లోటు తీరదు.

ముందు ఇది గుడ్డేనా అని తేల్చుకోండి

ఒక గుడ్డు తయారవడానికి ఇంచుమించు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. అందుకే గుడ్డు పెట్టే వేళ రోజురోజుకీ కాస్త వెనక్కి జరుగుతూ జరుగుతూ ఒకరోజు తప్పిపోతుంది. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి ఆపేసి పొదుగుకొస్తుంది కూడా. కాబట్టి ఒకరోజు తట్టలో గుడ్డు లేదని బెంగ పడక్కర్లేదు. గుడ్డూ పడలేదు, పెట్టా దిగాలుగా ఉంది అంటేనే అనుమానించాలి.

పొదుగుకొచ్చిన పెట్ట కూడా తట్ట దిగదు. కానీ దగ్గరికెళ్తే ఒళ్లంతా విప్పుకుని గొణుగుతుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. రోజుకోసారి దిగి నాలుగు గింజలు తిని, ఇంత ముద్ద రెట్ట వేసి మళ్లీ ఎక్కుతుంది. గుడ్డు అడ్డం పడిన పెట్టకి పొడిచే ఓపిక ఉండదు. రెట్ట వెయ్యదు, వేసినా తెల్లగా నీళ్లలా నాలుగు చుక్కలు పడతాయి.

చేత్తో చూసే పద్ధతి ఇది. పెట్ట తల మీ వీపు వైపుకి వచ్చేలా ఎడం చంకలో మెత్తగా ఇరికించుకోండి. రెక్కలు రెండూ మీ చేతి కింద అణిగి ఉండాలి. పక్షికి మనలా పొట్టకీ ఛాతీకీ మధ్య పొర ఉండదు. రొమ్ము ఎముక లేచి దిగితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే చేతిలోనే ఊపిరాగిపోతుంది. కుడిచేతి వేళ్లని ముడ్డికి కింద, రొమ్ము ఎముక చివరకీ ముడ్డికీ మధ్యనున్న మెత్తటి భాగంలో ఆనించండి. ముడ్డికి రెండు పక్కలా సన్నటి ఎముకల కొనలు తగులుతాయి. గుడ్ల మీదున్న పెట్టకి ఆ రెండిటి మధ్యా కనీసం రెండు వేళ్లు పడతాయి. ఒక వేలే పడుతోందంటే ఆ పెట్ట అసలు గుడ్ల మీద లేదు, జబ్బు వేరే ఉంది. రెండు మూడు వేళ్లు పడుతూ, లోపల గట్టిగా గుండ్రంగా పెంకు తగిలితే అది గుడ్డే. గట్టిగా ఏమీ తగలకుండా పొట్ట నీళ్లు పోసిన బెలూనులా వేలాడుతుంటే పచ్చసొన దారి తప్పి కడుపులో పడి చీము పట్టిందని అనుమానించాలి. దానికి వేడినీళ్ల తొట్టి స్నానాలు పనిచెయ్యవు, డాక్టరుకే చూపించాలి.

బయట తగలకపోతే లోపల చూడాలి. గోళ్లు పూర్తిగా తీసేసుకుని, పల్చటి గ్లౌజు వేసుకుని, చిటికెన వేలికి కొబ్బరినూనె గాని లిక్విడ్ పారఫిన్ గాని బాగా పట్టించి, ముడ్డిలోంచి తిన్నగా ఒక అంగుళం, మహా అయితే రెండంగుళాలు పోనివ్వండి. తిప్పకూడదు, పొడవకూడదు. పల్చటి తడిగుడ్డ వెనక గోళీ ఉన్నట్టు గుడ్డు వేలికి తగులుతుంది. నీళ్ల సంచిలా జారిపోతుంటే అది పెంకు కట్టని తోలు గుడ్డు. ఇది ఇంకా మొండిది. మెత్తగా ఉండడంతో కండరానికి పట్టు దొరకదు. రెండంగుళాల్లో ఏమీ తగలకపోతే వేలు తీసేయండి, ఇంకా లోపలికి వెతకొద్దు.

ఒకటికి రెండు కోళ్లు ఒకేసారి డీలా పడితే, ఆకుపచ్చ రెట్ట వేస్తే, మెడలు తిప్పేస్తుంటే అది కొక్కెర తెగులు కావచ్చు. ఉన్నట్టుండి వరసగా చచ్చిపోతుంటే ఇంకా జాగ్రత్త. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోనే, తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ బర్డ్ ఫ్లూ తేలింది. అలాంటప్పుడు వేలు పెట్టి చూడ్డాలు, ఒళ్లో కూచోబెట్టుకోవడాలు వద్దు. చచ్చిన కోడిని ముట్టుకోకుండా, కాలవలో పారెయ్యకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి.

వేడినీళ్ల తొట్టి

పెట్టకి రొమ్ము దాకా నీళ్లు తగిలి, వీపు తడవకుండా ఉండేంత బేసిన్ గాని ప్లాస్టిక్ టబ్బు గాని చాలు. నీళ్ల వేడి 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. కోడి ఒంటి వేడే 41 డిగ్రీల చుట్టూ ఉంటుంది కాబట్టి ఆ నీళ్లు దానికి హాయిగానే ఉంటాయి. జ్వరం చూసే థర్మామీటరు నీళ్లలో పెడితే సరిపోతుంది. అది లేకపోతే ఒక చెంబు తెరల కాగే నీళ్లకి ఐదు చెంబుల మామూలు నీళ్లు కలపండి, ఇంచుమించు 39 డిగ్రీలకి వస్తుంది. సంక్రాంతి రోజుల్లో కుండీ నీళ్లు చల్లగా ఉంటాయి, అప్పుడు నాలుగు చెంబులు చాలు. పెట్టని దింపే ముందు మోచెయ్యి ముంచి చూడండి. చేతివేళ్లు కాపుకి అలవాటు పడి ఉంటాయి, మోచెయ్యి అబద్ధం చెప్పదు.

టబ్బు అడుగున పాత గోనెసంచి ముక్క పరవండి. కాళ్లు జారితే పెట్ట బెదిరిపోతుంది, బెదిరితే కండరం బిగుసుకుంటుంది, మనం చేసేదంతా వృథా అవుతుంది. రెక్కలు అదిమి మెల్లగా దింపి, ఒక చెయ్యి వీపు మీద ఆనించి ఉంచండి. మొదటి నిమిషం కొట్టుకుంటుంది. తర్వాత ఉన్నట్టుండి మెడ సడలించి, కళ్లు సగం మూసి బరువంతా నీళ్లకి వదిలేస్తుంది. వేడి లోపలికి దిగడం అప్పటినుంచి మొదలవుతుంది, అక్కణ్నుంచి 15 నుంచి 20 నిమిషాలు లెక్కపెట్టండి. మధ్యలో నీళ్లు చల్లారితే పక్కనుంచి, పెట్టకి తగలకుండా, కాసిని వేడినీళ్లు కలుపుతూ ఉండాలి. తల వాల్చేసి నీళ్లలో పెట్టేస్తుంటే, నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే తీసెయ్యండి. నీళ్లలోనే గుడ్డు జారిపోయిన సందర్భాలూ ఉంటాయి, అందుకని అడుగు తడిమి చూశాకే నీళ్లు పారబొయ్యండి.

తీశాక తువ్వాలుతో అద్ది తడి పీల్చాలి, రుద్దకూడదు. తడి ఈకలతో గాలికి వదిలితే చలి పట్టి ఇంకా నీరసిస్తుంది. హెయిర్ డ్రయ్యరుంటే తక్కువ వేడి మీద జానెడు దూరం నుంచి ఆరబెట్టండి. బాగా ఆరాక ముడ్డి అంచుల చుట్టూ, లోపలి అంచుకీ కొబ్బరినూనె రాయండి. పెట్ట తేరుకున్నట్టు కనబడి గుడ్డు రాకపోతే మూడు నాలుగు గంటలకోసారి మళ్లీ తొట్టిలో కూచోబెట్టొచ్చు, రోజుకి మూడు నాలుగు సార్లకి మించొద్దు.

కాల్షియం ఎంత, ఎలా

తొట్టిలోంచి తీసి ఆరబెట్టగానే ఇవ్వాల్సింది ఇది. మందుల షాపులో దొరికే 500 మిల్లీగ్రాముల కాల్షియం, విటమిన్ డి3 కలిసిన మాత్ర ఒకటిన్నర రెండు కిలోల పెట్టకి ఒకటి, కిలో లోపు పెట్టకి సగం. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే, అలా మూడు నాలుగు రోజులు. మాత్ర పెద్దది కాబట్టి నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ కాస్త నెయ్యి రాసి మింగించాలి. ముక్కు తెరిస్తే నాలుక వెనకాల సన్నటి చీలికలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఒక రంధ్రం కనబడుతుంది. అది గాలిగొట్టం. ముక్కని దానిమీద పడకుండా, దాన్ని దాటించి గొంతు వెనక పెట్టండి. వదిలేస్తే తనే మింగుతుంది.

మాత్ర పొడిచేసి నీళ్లలో కలిపి సిరంజితో గొంతులో కొట్టడం మంచి పద్ధతి కాదు. నీరసంగా ఉన్న కోడికి ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గేదెలకి పట్టే కాల్షియం సీసా ఇంట్లో ఉందని పట్టేవాళ్లున్నారు. అది పల్చగా ఉంటుంది, చాలినంత అందాలంటే కోడికి మోయలేనంత పట్టాలి. ఈనిన గేదెలకిచ్చే ఘాటైన జెల్ అయితే అసలు వద్దు, నోరూ గొంతూ కాలతాయి. కాల్షియం ఇంజక్షను డాక్టరు చెయ్యాల్సిందే. తొందరగా ఎక్కితే గుండె ఆగుతుంది.

సున్నపు తేట గురించి కూడా చెప్పుకోవాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ముందు చెప్పేది అదే. పైన తేరిన తేట పడితే చెడేమీ లేదు, కానీ నీళ్లలో సున్నం కరిగేది చాలా కొంచెం, లీటరుకి రెండు గ్రాములు కూడా ఉండదు. రెండు పెద్ద చెంచాల తేటలో దొరికే కాల్షియం 30 మిల్లీగ్రాముల లోపు. మాత్రలో ఉండేది 500. తేట పట్టాం కదా అని కూచుంటే పూట గడిచిపోతుంది. ఇక అడుగున ఉన్న సున్నం కదిలిపోయి నోట్లో పడితే పుండు పడుతుంది.

తాగడానికి ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలిపి పక్కన పెట్టండి. తాగకపోతే ముక్కు కొన పక్కన చుక్కచుక్కగా తడపండి, నాలుక ఆడించి తనే తీసుకుంటుంది. ఆముదం తాగించొద్దు. అది పేగుల్లోకి పోతుంది, గుడ్డు దారి వేరే.

చీకట్లో ఒంటరిగా

వెంటిలేషనున్న అట్టపెట్టె గాని, గోనె కప్పిన కోళ్ల గంప గాని తీసుకుని మందంగా ఎండుగడ్డి పరిచి పెట్టని అందులో పెట్టి, ఇంట్లో సందడి లేని గదిలో ఉంచండి. పిల్లలూ కుక్కా దగ్గరికి రాకూడదు. గంప లోపల 30 డిగ్రీల చుట్టూ వెచ్చగా ఉంటే చాలు. శీతాకాలం రాత్రయితే 40 గాని 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు ఒక పక్కగా అడుగున్నర ఎత్తులో వేలాడదీయండి. ఎల్ఈడీ బల్బు పెట్టి వేడొస్తుందనుకోవద్దు, అది వెలుగే గాని వెచ్చదనం ఇవ్వదు. ఫిలమెంటు బల్బు దొరక్కపోతే సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. వేడి ఎక్కువైతే జరగడానికి గంపలో రెండో పక్క ఖాళీ ఉండాలి. వైశాఖ జ్యేష్ఠాల్లో మాత్రం బల్బు మాటే వద్దు. మన తేమకి ఆ వేడి తోడైతే గుడ్డు సంగతలా ఉంచి వడదెబ్బకి పోతుంది. అప్పుడు నేలమీద చల్లగా, గాలాడే చోట చీకటి చేస్తే చాలు.

గంట దాకా మూత తీసి చూడకండి. పెట్ట గుడ్డు పెట్టాలంటే ఎవరూ చూడని చోటు కావాలి. అడ్డం పడిన పెట్టకి ఆ అవసరం ఇంకా ఎక్కువ.

గుడ్డు ముడ్డి దాకా వచ్చి ఆగితే

ముక్కినప్పుడల్లా తెల్లగా పెంకు కనబడి మళ్లీ వెనక్కి పోతుంటే అప్పుడు చెయ్యి సాయం పెట్టొచ్చు. ఇద్దరుండాలి. ఒకరు పెట్టని ఒళ్లో తువ్వాలు మీద నిలబెట్టినట్టు పట్టుకోవాలి. రెండోవారు ముడ్డి అంచుల్లోకి నూనె ధారాళంగా వేసి, ఎడంచేతి వేళ్లని పొట్ట కింద, గుడ్డుకి అవతలి వైపు, అంటే రొమ్ము ఎముక వైపు ఆనించి వెనక్కి మెత్తగా ఒత్తిడి నిలపాలి. పెట్ట ముక్కినప్పుడు ఒత్తాలి, ఆపినప్పుడు ఆగాలి. కుడిచేతి వేలితో ముడ్డి అంచుని చుట్టూ కొంచెం కొంచెం గుడ్డు మీదనుంచి వెనక్కి జరపాలి, బిగుతైన గాజు తీసేటప్పుడు చర్మాన్ని జరిపినట్టు. గుడ్డు సగానికి పైగా బయటికొస్తే మిగతాది దానంతటదే వస్తుంది. ఐదు నిమిషాల్లో కదలకపోతే ఆపేసి మళ్లీ తొట్టి. వీపు వైపు నుంచి ఎప్పుడూ నొక్కొద్దు.

లోపలున్న గుడ్డుని పగలగొట్టొద్దు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పెంకు ముక్కలు బ్లేడు ముక్కల్లా గుడ్డు గొట్టాన్ని కోస్తాయి, లోపల మిగిలిన సొన రెండు రోజుల్లో కుళ్లుతుంది. గుడ్డు ముడ్డి దగ్గర కనబడుతూ ఎంతకీ రానప్పుడు లావు సూదితో సొన లాగేసి పెంకు నలిపి తియ్యడం అనే పద్ధతి ఉంది, కానీ అది పశువైద్యుడి చేతిలో జరగాలి. పొరపాటున లోపలే పగిలిపోతే, ముడ్డి దగ్గర కనబడే ముక్కలు మాత్రం నూనె వేలితో తీసి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

గుడ్డుతో పాటు లోపలి సంచి బయటికొస్తే

పెద్ద గుడ్డు గట్టిగా ముక్కినప్పుడు ఎర్రగా తడిగా మాంసంముద్దలాంటిది బయటికి వస్తుంది. ఇది తొలి గుడ్ల పెట్టలకీ, బాగా కొవ్వు పట్టిన పెట్టలకీ వస్తుంది. వెంటనే ఆ పెట్టని మిగతా కోళ్ల నుంచి తీసెయ్యాలి. ఎర్రరంగు చూస్తే మిగతావి పొడిచి పేగులతో సహా లాగేస్తాయి.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకటిన్నర టీ చెంచాల ఉప్పు కలిపి, గోరువెచ్చగా ఆ ముద్ద మీద పోస్తూ గడ్డీ మట్టీ కడగండి. పసుపూ కారం లాంటివేమీ అద్దొద్దు. వాచి ఉంటే దానిమీద పంచదార మందంగా చల్లి పది నిమిషాలు తడిగుడ్డ కప్పి ఉంచండి. పంచదార లోపలి నీరు లాగేస్తుంది, వాపు కళ్లెదుటే తగ్గుతుంది. మళ్లీ కడిగి, నూనె రాసిన గ్లౌజు వేలితో మధ్యనుంచి లోపలికి మెల్లగా పోనిచ్చి ఒకటి రెండు నిమిషాలు అదిమి పట్టుకోండి. మళ్లీ వస్తే మళ్లీ అంతే. ఆ పెట్ట వారం పది రోజులు గుడ్డు పెట్టకూడదు. అందుకని రోజుకి 8 గంటలే వెలుతురు, మిగతా సమయం చీకటి గదిలో ఉంచాలి. ముద్ద నల్లబడినా, వాసనొచ్చినా, రెండుసార్లకి లోపల నిలవకపోయినా ఇంటివైద్యం ఆపెయ్యండి.

ఎప్పుడు ఆలస్యం చెయ్యకూడదు

మొదటి గుర్తు కనబడిన దగ్గర్నుంచి 24 గంటల్లో గుడ్డు రాకపోతే, పెట్ట లేవలేక పక్కకి ఒరిగిపోతే, తల మీది ఎర్ర జుట్టు తెల్లగా గాని నీలంగా గాని మారితే, రక్తం వస్తుంటే ఊళ్లో పశుసంవర్ధక సహాయకుణ్ని పిలవండి, లేదా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు. కాల్షియం ఎప్పుడు ఎంతిచ్చారో చెప్పాలి, డాక్టరు చేసే ఇంజక్షనుకి ఆ లెక్క కావాలి. గుడ్డు తోయించే ఆక్సిటోసిన్ ఇంజక్షను సొంతంగా చెయ్యొద్దు. గేదెల కోసం తెచ్చింది ఇంట్లో ఉన్నా సరే. దారి మూసుకుని ఉన్నప్పుడు అది గుడ్డు గొట్టాన్ని చీల్చేస్తుంది.

ఊరికే ఒక టెట్రాసైక్లిన్ (యాంటీబయాటిక్) గొట్టం మాత్ర విప్పి నీళ్లలో కలపడం కూడా మన దగ్గర బాగా అలవాటు. ఆ మందూ కాల్షియం కడుపులో కలిస్తే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, రెండూ ఒంటికి పట్టవు. యాంటీబయాటిక్ కావాలో అక్కర్లేదో డాక్టరు చెప్పాలి. వాడితే ఆయన చెప్పినన్ని రోజులు ఆ పెట్ట గుడ్లు తినకూడదు, కోసుకోనూ కూడదు.

గుడ్డు వచ్చాక

గుడ్డు పడ్డ అరగంటకే అండాశయం నుంచి ఇంకో పచ్చసొన విడుదల కావచ్చు. అంటే రేపు ఇదే వేళకి మళ్లీ ఇదే పరీక్ష. అందుకే గుడ్డొచ్చిందని కాల్షియం ఆపకూడదు. ఆ రోజంతా పెట్టని విడిగా ఉంచి, మెత్తటి మేత పెట్టి, మొదటి రెట్ట పెద్దగా పడిందో లేదో చూడండి. పడితే దారి తెరుచుకున్నట్టు. పడ్డ గుడ్డుని పారెయ్యకుండా వెలుతురుకి పెట్టి చూడండి. పెంకు పల్చగా, గరుగ్గా, ఒక కొనకి ఇసక అద్దినట్టుంటే కాల్షియం లోటు. మామూలు పెంకుతోనే మరీ పెద్దదైతే రెండు సొనల గుడ్డు, అది ఆ ఒక్కసారికే కావచ్చు. గుడ్డు మీద రక్తపు చారలుంటే లోపల గీసుకుంది, రెండు రోజులు వెలుతురు తగ్గించండి.

మళ్లీ రాకుండా మేత సంగతి

లెక్క ఇదీ. నాటుకోడి గుడ్డు 40 గ్రాములుంటే పెంకు 4 గ్రాములు. అందులో కాల్షియం ఒకటిన్నర గ్రాములు, అంటే 1,500 మిల్లీగ్రాములు. ఆ పెట్ట రోజంతా తినే 100 గ్రాముల నూకల్లో ఉన్నది 10 మిల్లీగ్రాముల చుట్టూ. చోళ్లు (రాగులు) బలం అంటారు, నిజమే, 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అయినా గుడ్డుకి చాలదు. తవుడు పెడితే ఇంకో చిక్కు. అందులోని భాస్వరం ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. మిగతాదంతా పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. పది గుడ్లకి ఎముకలు ఒట్టిపోతాయి. తొలకరి దాకా బాగానే పెట్టిన పెట్టకి ఉన్నట్టుండి గుడ్డు అడ్డం పడడానికి ఇదే మూలం.

మందు మన చుట్టూనే ఉంది. అంతర్వేది, నరసాపురం, యానాం వైపు దొరికే సముద్రపు గుల్లలూ, కాలవల్లో ఏరిన ఆల్చిప్పలూ చాలు. రెండు మూడు నీళ్లలో కడిగి ఉప్పు పోగొట్టి, ఎండలో బాగా ఎండబెట్టి, రోట్లో దంచి జల్లెడ పట్టండి. కందిబద్దలో సగమంత ముక్కలు కావాలి. పిండైపోయిందంతా ఉపయోగపడదు. పెంకు ఎక్కువగా కట్టేది రాత్రి, ఆ సమయంలో మేత ఉండదు. ముక్కలైతే కందనకాయలో నిలిచి రాత్రంతా మెల్లగా కరుగుతూ కాల్షియం ఇస్తాయి, పిండైతే సాయంత్రానికే జారిపోతుంది. అందుకే సాయంత్రం గూట్లోకెక్కే ముందు గుల్ల అందేలా చూడాలి. కోడిగుడ్ల పెంకులు కూడా వాడొచ్చు, పది నిమిషాలు ఉడకబెట్టి ఎండబెట్టి నలిపి వెయ్యండి. పెంకు రూపం కనబడేలా వేస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయి.

గుల్ల మేతలో కలపొద్దు, విడిగా కొబ్బరిచిప్పలో పెట్టండి. గుడ్ల మీదున్న పెట్ట తనకి కావలసినంత, రోజుకి ఏడెనిమిది గ్రాముల దాకా, తనే తింటుంది. కలిపి పెడితే పుంజులూ పిల్లలూ కూడా తినక తప్పదు, ఎక్కువైన కాల్షియం వాటి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది.

మేత ఇంట్లో కలుపుకునేవాళ్లకి పది కిలోలకి ఒక కొలత: నూకలూ మొక్కజొన్న నూకా కలిపి 5 కిలోల 800 గ్రాములు, నూనె తీసిన తవుడు 1 కిలో 700, సోయా చెక్క 2 కిలోలు, ఉప్పు పట్టని ఎండు చేపల పొడి 400 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 100 గ్రాములు, పైన 30 గ్రాముల ఉప్పు. ఎండు చేపలు ఉప్పువైతే ఆ ఉప్పు మానెయ్యండి. సోయా బదులు వేరుశెనగ చెక్క వాడితే వర్షాకాలంలో జాగ్రత్త, మన గాలికి పదిరోజుల్లో బూజు పడుతుంది. ఆ బూజు విషం కాలేయాన్ని కొడుతుంది, గుడ్లు పెట్టడం తగ్గిపోతుంది. పురుగుమందు గుళికలు చల్లిన వరిచేలో నత్తలు ఏరి వెయ్యొద్దు.

పందెం జాతి పెట్టలది వేరే కథ. పుంజుకి పెట్టినట్టు పెట్టకీ బాదం, జీడిపప్పు, మాంసం పెడితే పొట్టలో కొవ్వు పేరుకుని గుడ్డు దారి ఇరుకైపోతుంది. పెట్ట పొట్ట కింద చర్మం చిటికెలో పట్టుకుంటే పల్చగా జారాలి. దళసరిగా మెత్తగా తగిలితే గింజ తగ్గించి, ఆకుకూర తొడాలు, నీళ్ల మీద పెరిగే అజొల్లా మేత పెంచి, గంపలోంచి తోటలోకి వదలండి. నడక లేని పెట్టకి కండరం సత్తువ ఉండదు. ఫారంలో తీసేసిన ముసలి లేయర్లకి అయితే ఎముకలు ముందే అరిగి ఉంటాయి. ఇంటికి తెచ్చిన రోజునుంచే గుల్ల పెట్టాలి.

వేసవిలో నీడా నీళ్లూ గుల్లంత ముఖ్యం. ఎండకి కోడి రొప్పేటప్పుడు పెంకు కట్టడానికి కావలసిన బొగ్గుపులుసు వాయువు ఊపిరితో బయటికి పోతుంది, ఎంత గుల్ల తిన్నా పెంకు పల్చబడుతుంది. మట్టి తొట్టిలో నీళ్లు మధ్యాహ్నం ఒకసారి మార్చండి. తొలకరి తడికి నులిపురుగులు పెరుగుతాయి. ఆషాఢంలో ఒకసారి, చలికాలం ముందు ఒకసారి డాక్టరు చెప్పిన మోతాదులో పురుగుల మందు వెయ్యండి. గుడ్లు పెట్టే తట్టలు ఐదు పెట్టలకి ఒకటి చొప్పున, చీకటిగా, మోకాలెత్తులో ఉండాలి. తట్ట ఖాళీ లేక గుడ్డు బిగబట్టుకుని తిరిగే పెట్టని చూస్తే, ఇంకో తట్ట ఆ రోజే కట్టండి.

ఒకే పెట్టకి నెలలో రెండుసార్లు అడ్డం పడితే దానికి గుడ్డు గొట్టంలోనే లోపముండొచ్చు. దాన్ని మరిక గుడ్ల మీద ఉంచకుండా, వేరే పెట్టల గుడ్లు పెట్టి పొదిగించండి. పొదిగినన్నాళ్లూ, పిల్లల్ని తిప్పినన్నాళ్లూ అది గుడ్డు పెట్టదు, లోపలి గొట్టానికి రెండు మూడు నెలలు విశ్రాంతి దొరుకుతుంది.